ఓడిపోయిన ఎమ్.సి.సి. పక్షాన

ఎమ్.సి.సి. అంటే ఏమిటని అడిగితే క్రికెట్ తెలిసిన మిత్రులు ఠక్కున చెబుతారు: లండన్‌లోని మెరిల్‌బోన్ క్రికెట్ క్లబ్ అని. 1787లో పుట్టిన క్లబ్బు. క్రికెట్ చట్టాలు నేటికీ దాని చేతిలోనే ఉన్నాయి. అంత పెద్దవాళ్ల జోలికి నేను పోను. నేను రాయదలచుకున్నది రెండో ఎమ్.సి.సి. గురించి. అంటే మాల్గుడి క్రికెట్ క్లబ్ గురించి.

ఆ ఊరు ఏ మ్యాపులోనూ లేదు. ఆ జట్టు ఏ రికార్డులోనూ లేదు. 1935లో అచ్చయిన ‘స్వామి అండ్ ఫ్రెండ్స్’ నవలలో ఆర్.కె. నారాయణ్ గారు పుట్టించిన జట్టది. దాని కీర్తి అంతా ఆడి గెలిచి తెచ్చుకున్నది కాదు. అసలు ఆడవలసిన మ్యాచి ఓడిపోయింది. అయినా అభిమానులు మాత్రం తరాల తరబడి పుడుతూనే ఉన్నారు. మా నాన్న అందులో ఒకడు. 1986లో దూరదర్శన్‌లో ‘మాల్గుడి డేస్’ సీరియల్ మొదలైనప్పుడు మా ఊళ్లో టీవీ ఉన్న ఇంటి అరుగు మీద కూర్చుని చూశాడట. హిందీ ముక్క అర్థం కాలేదు గాని, స్వామిగాడి కష్టం మాత్రం పూర్తిగా అర్థమైందంటాడు.

ఇంతకీ ఆ జట్టు ఘనకార్యాలు టూకీగా చెబుతాను. పోలీసు సూపరింటెండెంటు గారి అబ్బాయి రాజం కెప్టెన్. జట్టు పెట్టగానే వాళ్లకు వచ్చిన మొదటి అనుమానం బ్యాటు గురించి కాదు, బంతి గురించీ కాదు. క్రికెట్ జట్టు పెడితే సర్కారువారికి పన్ను కట్టాలా అని! తర్వాత పేరు కోసం పెద్ద చర్చ. చివరికి లండన్ వాళ్ల పొడి అక్షరాలే తమకూ సరిపోయాయని సంబరపడ్డారు. ఆ తర్వాత మద్రాసులో ఆటసామాన్లు అమ్మే బిన్స్ కంపెనీకి బ్యాట్లూ బంతులూ పంపమని ఉత్తరం రాశారు. పైకం సంగతి ఎత్తలేదు. కంపెనీవారు ఎంతో మర్యాదగా, ముందు కొంత సొమ్ము పంపితే సరుకు పంపుతామని జవాబిచ్చారు. మన వీరులు దాన్ని పదిసార్లు చదివి, ఇది మనకు రాసింది కాదు, ఎవరి ఉత్తరమో పొరపాటున మనకొచ్చిందని తేల్చి, ఆ ఉత్తరాన్ని తిరిగి కంపెనీకే పంపించి, మా సామాను మాకు పంపండని మళ్లీ రాశారు!

స్వామికి జట్టులో పెట్టిన ముద్దుపేరు టేట్. ఆ రోజుల్లో ఇంగ్లండుకు ఆడిన మారిస్ టేట్ అనే బౌలరు పేరది. తమాషా ఏమిటంటే, అదే నవలలో 1930 ఆగస్టులో స్వదేశీ సభకు వెళ్లి, విదేశీ గుడ్డ అని తెలిసి తన టోపీని మంటల్లో పడేసినవాడూ ఈ స్వామే. మర్నాడు బడి అద్దాల మీద రాళ్లు వేసినవాడూ ఇతడే. టోపీ విదేశీదైతే కాల్చేశాడు గాని, పేరు విదేశీదైతే ఛాతీ విరుచుకున్నాడు! ఈ సంగతి చదివి నవ్వుకోనివాడు ఉండడు. కాని ఇంగ్లీషు కామెంటరీ అనుకరిస్తూ గల్లీలో బౌలింగు చేసిన మనలో ఎవరికి అతణ్ణి వేళాకోళం చేసే హక్కుందో చెప్పండి.

ఆ మాటకొస్తే మా ఊరి జట్టు మాల్గుడి వాళ్లకేమీ తీసిపోదు. ఊరి పేరు ముందు ‘ఇంటర్నేషనల్’ అని చేర్చుకున్నాం. పక్క ఊరు దాటి ఎన్నడూ ఆడలేదు. కొబ్బరిమట్ట బ్యాటు, సరుగుడు కర్రల వికెట్లు. వరి కోతలయ్యాక మినుము చల్లని మడి ఏదైనా మిగిలితే అదే మా స్టేడియం. కొయ్యకాళ్ల మీద పడిన బంతి ఎటు తిరుగుతుందో చెప్పడం ఫిజిక్సు చదువుతున్న ఇవాళ కూడా నా వల్ల కాదు. చట్టాలు మావే. బంతి గేదెకు తగిలి ఆగితే రెండు పరుగులు. గడ్డివాము మీద పడితే సిక్సరు కాదు, అవుటు. వాము గలాయన నోటికి భయపడి చేసిన చట్టమది.

మాకు అభిమానులు రెండున్నర మంది. గేదెలు కాసుకునే తాత ఒకడు. ఆయన గట్టు మీద కూర్చుని చింతగింజలతో పరుగులు లెక్క పెట్టేవాడు. ఒకసారి మేమే గెలిచామని నేటికీ వాదిస్తాడు. సాక్ష్యం ఏదని అడిగితే, గింజలు కోడి చెదరగొట్టిందంటాడు. పాలు పోసి తిరిగొచ్చే బాబాయి రెండోవాడు. అరమనిషి మా చెల్లెలు. ప్రతిసారీ వచ్చి చూసేది, ప్రతిసారీ అవతలి జట్టు గెలవాలని కోరుకునేది. ఎందుకే అంటే చెప్పేది కాదు. నువ్వూ ఆడవే అని మాలో ఒక్కడూ ఎన్నడూ అనలేదని ఇన్నేళ్లకు ఇప్పుడు తడుతోంది.

ఇక అసలు సంగతికి వస్తాను. మాల్గుడి జట్టు యంగ్ మెన్స్ యూనియన్‌తో ఆడవలసిన మ్యాచి ఎందుకు ఓడిపోయింది? స్వామికి ఆట రాక కాదు. బోర్డు హైస్కూల్లో సాయంత్రం డ్రిల్లు క్లాసు తప్పనిసరి. అది అయ్యేసరికి ప్రాక్టీసు వేళ దాటిపోతుంది. కుర్రవాడు డాక్టరు దగ్గరికి వెళ్లి బతిమాలుకున్నాడు. అదీ ఫలించలేదు. చివరికి హెడ్మాస్టరు ఎత్తిన బెత్తం లాక్కుని కిటికీలోంచి విసిరేసి, ఊరు విడిచి పారిపోయి, దారి తప్పాడు. అడవి దారిలో స్పృహ తప్పి పడి ఉన్నవాణ్ణి ఇంటికి చేర్చారు. ఆదివారం మ్యాచి అతడు లేకుండానే జరిగిపోయింది. రాజం దృష్టిలో మాత్రం స్వామి ద్రోహి. ఎందుకు రాలేదన్న మాట అతనికి అక్కరలేకపోయింది.

ఇది చదివినప్పుడు నాకు నవ్వు రాలేదు. పక్క ఊరితో మా పెద్ద మ్యాచి రోజున మా చేనుకు నీళ్ల వంతు వచ్చింది. నేను ఓపెనింగు బ్యాట్స్‌మన్ని. “ఆట రేపన్నా ఆడుకోవచ్చురా, నీళ్లు రేపు రావు,” అన్నాడు నాన్న. కోపంగా అనలేదు. అందుకే ఎదురు చెప్పలేకపోయాను. పార పట్టుకుని వెళ్లి మడవ తిప్పి బోదె గట్టున కూర్చుంటే దూరాన అరుపులు వినిపించాయి. అవి ఎవరు గెలిచిన అరుపులో తెలియలేదు. సాయంత్రానికి తెలిసింది. ఆనాటి నుంచి మా ఊళ్లో నా పేరు ‘మడవ’. పెళ్లిళ్లలో కలిసినా, “ఏరా మడవా, నీళ్లు పారాయా?” అంటారు. నేనూ నవ్వుతాను. కాని మ్యాచి నా మూలంగా పోయిందని అందరూ చెప్పుకుంటారే గాని, ఆ నీళ్లతో ఆ ఏడు పంట దక్కిందని ఒక్కడూ చెప్పడు.

2001లో వచ్చిన ‘లగాన్’ సినిమా మీరంతా చూసే ఉంటారు. 1893 నాటి చంపానేర్ అనే ఊరు. కోళ్లను పట్టిన చేత్తో క్యాచీలు పట్టేవాడొకడు, జోస్యం చెప్పేవాడొకడు. అదీ విచిత్రమైన జట్టే. అదీ పన్ను గొడవే. వాళ్లు గెలిచారు, శిస్తు తప్పింది, చప్పట్లు కొట్టాం. బాగానే ఉంది. కాని గెలిచిన జట్టును ప్రేమించడానికి పెద్ద మనసేమీ అక్కరలేదు. ఓడిన జట్టు కథలు చెప్పుకుని నవ్వుకోవడంలోనే అభిమానం బయటపడుతుందని నా అభిప్రాయం. అయితే ఆ నవ్వులోనే ఒక లోపమూ ఉంది. రానివాడికి పేరు పెట్టి ఊరుకుంటాం. ఎందుకు రాలేదని అడగం.

మన కాలేజీ సంగతే చూడండి. ఈ ఏడు క్రికెట్ సెలెక్షన్లకు నోటీసు పెట్టారు. సాయంత్రం అయిదు గంటలకు, తెల్ల దుస్తులు, బూట్లతో హాజరు కావాలని. మా ఊరి వైపు బస్సు నాలుగూ యాభైకి వెళ్లిపోతుంది. తర్వాతిది ఎనిమిదింటికి. మా క్లాసులో పల్లెల నుంచి వచ్చేవాళ్లం పదకొండుమందిమి ఉన్నాం, సరిగ్గా ఒక జట్టు! ఒక్కడూ వెళ్లలేదు. మర్నాడు క్యాంటీనులో ఒక మిత్రుడు, “పల్లెటూరి వాళ్లకి ఆటలంటే ఇంట్రెస్టు లేదు గురూ,” అన్నాడు. చెడ్డవాడు కాదు. మంచి స్నేహితుడే. రాజం కూడా మంచి స్నేహితుడే.

యూనియను మిత్రులకు నేను చేసే మనవి చిన్నది. బిన్స్ కంపెనీకి రాసినట్టు పైకం సంగతి ఎత్తకుండా రాయడం లేదు, లెక్క చూసుకునే అడుగుతున్నాను. సెలెక్షన్లు శనివారం మధ్యాహ్నం విరామంలో పెట్టండి. ఈ సావనీరుకు అయిన ఖర్చులో ఒక చిన్న భాగంతో పది జతల బూట్లు కొని అందరికీ ఉమ్మడిగా ఉంచండి. అమ్మాయిలకూ ఒక నోటీసు పెట్టండి. మా చెల్లెలు వచ్చే ఏడు ఈ కాలేజీలోనే చేరబోతోంది. ఈసారి ఎవరి పక్షమో తేల్చుకునే అవకాశం ఆమెకూ ఉండాలి.

ఇవన్నీ చేశాక కూడా మేం ఓడిపోతే నిరభ్యంతరంగా నవ్వండి. కొత్త పేర్లు పెట్టండి, వచ్చే ఏడు సావనీరులో కథలుగా రాయండి. మేమూ మీతో కలిసి నవ్వుతాం. కాని నోటీసు అంటించే ముందు మాత్రం బస్సు టైము ఒక్కసారి కనుక్కోండి.

— బి.యస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి