డబ్బా కన్నా ముందు మనిషి పాలు

బిలాస్‌పూర్ తెలుగు కుటుంబాలకు, రైల్వే కార్మిక సంఘాలకు, ఆస్పత్రుల పెద్దలకు మనవి

మన ఆడపిల్లలకు మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలన్నది మన ఆచారం. నెలలు దగ్గర పడుతున్నాయనగా లింక్ ఎక్స్‌ప్రెస్ ఎక్కించి పార్వతీపురమో, బొబ్బిలో, విజయనగరమో పంపిస్తాం. నెలలు నిండకుండా వచ్చే బిడ్డ ఆ టికెట్టు కోసం ఆగదు. ఏడో నెలలో ఒక రాత్రి నొప్పులొస్తాయి. భర్త డ్యూటీలో ఉంటాడు, ఆమె తల్లి ఇంకా ఊళ్ళోనే ఉంటుంది. బిడ్డని ఇంక్యుబేటర్ పెట్టెలో పెడతారు. బాలింతకు ఇంకా పాలు పడలేదు, పక్కన చెప్పేవాళ్ళు లేరు. “పాలపొడి డబ్బా తెచ్చుకోండి” అని ఎవరో ఒకరు అంటారు. తెస్తాం. అడ్డు చెప్పాలని కూడా మనకు తెలియదు.

ఆ డబ్బా ఎందుకు ఆఖరి దారి కావాలో చెప్పడానికే ఈ కరపత్రం.

బిడ్డ పుట్టిన గంటల్లోనే పేగులో సూక్ష్మజీవులు చేరడం మొదలవుతుంది. నెలలు నిండి పుట్టి, తల్లి ఒంటికి అంటుకుని పాలు తాగే బిడ్డకు మేలు చేసే బాక్టీరియా తల్లి నుంచే అందుతుంది. తల్లిపాలలో కొన్ని రకాల చక్కెరలున్నాయి. బిడ్డ వాటిని అరిగించుకోలేదు. అవి బైఫిడోబాక్టీరియా వంటి మంచి జాతులకు మేత. కిలోన్నర లోపు బిడ్డ సంగతి వేరు. ఆపరేషన్ కాన్పు, మొదటి రోజు నుంచే యాంటీబయాటిక్, కడుపులోకి గొట్టం. తల్లి ఒడి బదులు వార్డు. అక్కడుండే క్లెబ్సియెల్లా, ఈ.కోలై వంటివి ముందుగా వచ్చి పేగులో తిష్ఠ వేస్తాయి. పేగు గోడ ఇంకా పచ్చిది, లోపలి జిగురు పొర అరకొర. వాటి తాకిడికి పేగు అతిగా రేగి వాచిపోతుంది, నెత్తురు అందక గోడ చచ్చుబడుతుంది, ముదిరితే చిల్లు పడుతుంది. దీని పేరు నెక్రోటైజింగ్ ఎంటెరోకొలైటిస్. డాక్టర్లు పొట్టిగా నెక్ అంటారు. కిలోన్నర లోపు బిడ్డల్లో నూటికి ఐదారుగురికి ఇది వస్తుందని అంచనా. వచ్చినవాళ్ళలో ఇంచుమించు నాలుగో వంతు దక్కరు. పేగు కోసి తీసేశాక బతికిన కొందరికి తిన్నది ఒంటబట్టడానికి చాలినంత పేగు మిగలదు.

ఈ జబ్బు తరచుగా రెండో వారంలో, మూడో వారంలో వస్తుంది. అంటే గండం గడిచిందని ఊరికి ఫోన్లు చేసుకున్నాక. పొట్ట ఉబ్బి చర్మం మెరుస్తుంది, పోసిన పాలు గొట్టంలోంచి వెనక్కి వస్తాయి, బిడ్డ పసరు కక్కుతుంది, విరేచనంలో నెత్తురు జీర కనిపిస్తుంది, ఒళ్ళు సోలిపోతుంది. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అప్పటికప్పుడు సిస్టర్‌ని పిలవాలి. ఇంటికి పంపేశాక కనిపిస్తే బొడ్డు చుట్టూ ఇంగువ రాసి తెల్లారేదాకా చూడడం కాదు, ఆస్పత్రికి పరుగెత్తాలి. తేనె, చక్కెర నీళ్ళు, వసకొమ్ము, ఇక్కడివాళ్ళిచ్చే ఘుట్టీ, ఏదీ ఆ నోట్లో పడకూడదు.

పాలకీ ఈ జబ్బుకీ లంకె కొత్త సంగతేమీ కాదు. 1990లో ఇంగ్లండులో 926 మంది నెలలు నిండని బిడ్డలను గమనించిన పరిశోధన లాన్సెట్ పత్రికలో వచ్చింది. కేవలం డబ్బా పాలు తాగినవాళ్ళకు, కేవలం మనిషి పాలు తాగినవాళ్ళకన్నా ఈ జబ్బు ఆరు నుంచి పది రెట్లు ఎక్కువగా వచ్చింది. కొంత డబ్బా, కొంత మనిషి పాలు తాగినవాళ్ళతో పోల్చినా మూడు రెట్లు ఎక్కువే. చెంచాడు ముర్రుపాలు “ఏం సరిపోతాయిలే” అని తీసిపారేసే ముందు ఈ లెక్క గుర్తుండాలి. తల్లి కూడా వార్డులోకి వస్తూ పోతూ ఉంటే అక్కడి క్రిములకు తగిన రక్షణ పదార్థాలు ఆమె పాలలో తయారవుతాయి. ఆ పని ఏ డబ్బా చేయలేదు.

మరి తల్లికి పాలు పడకపోతే? ఇంకో తల్లి పాలు. “వేరే వాళ్ళ పాలా?” అని ముఖం చిట్లించే పెద్దలు మనలో ఉన్నారు. ఆవు పాలకి మాత్రం వాళ్ళు ఏనాడూ వెనకాడలేదు! ముంబయి సయన్ ఆస్పత్రిలో డాక్టర్ ఆర్మిడా ఫెర్నాండెజ్ 1989లోనే తల్లిపాల బ్యాంకు పెట్టారు. ఆసియాలో అదే మొదటిది. హైదరాబాద్ నీలోఫర్‌లో 2017 నుంచి ధాత్రి బ్యాంకు ఉంది. ఇచ్చే తల్లికి ముందు రక్తపరీక్షలు చేస్తారు. పాలను 62.5 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఉంచి, చల్లార్చి గడ్డకట్టిస్తారు. ఆ వేడికి రక్షణ పదార్థాలు కొంత తగ్గే మాట నిజమే, కానీ బాక్టీరియాకు మేత అని చెప్పిన చక్కెరలు చెక్కుచెదరవు. ఈ దాత పాలు అమ్మకానికి కాదు. మన పక్కింటి బాలింత పాలను గ్లాసులో పట్టుకెళ్ళి పోయమనీ కాదు. పరీక్ష, శుద్ధి లేకుండా అది ప్రమాదం.

కేంద్ర ప్రభుత్వం 2017లోనే ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఇలాంటి కేంద్రాలు పెట్టడానికి మార్గదర్శకాలు ఇచ్చింది. అందుకే మన బిలాస్‌పూర్ ప్రభుత్వ ఆస్పత్రి సిమ్స్ పెద్దలను ఒక్క మాటే అడుగుదాం: రాత్రి రెండు గంటలకు పుట్టిన కిలో బిడ్డకు తల్లిపాలు లేకపోతే తెల్లారేలోపు ఏం పోస్తారు? జవాబు కాగితం మీద ఇవ్వండి. ఆ జవాబు “శుద్ధి చేసిన దాత పాలు” అయ్యేదాకా అడుగుతూనే ఉందాం.

రైల్వే సెంట్రల్ హాస్పిటల్‌ని అడగాల్సింది ఇంకా చిన్నది. తలుపున్న ఒక గది, పాలు పిండే పంపులు, పాలు దాచే ఫ్రీజర్, బాలింత పక్కన కూర్చుని నేర్పే ఒక సిస్టర్. యూనియన్లు దీన్ని రైల్వే అధికారులతో జరిగే పీఎన్‌ఎం చర్చల ఎజెండాలో పెట్టొచ్చు. క్వార్టర్ల లీకేజీ, ఓవర్‌టైం బకాయిలు ఎక్కే ఎజెండాలో బాలింత గది ఎక్కకూడదని ఎవరన్నారు? స్టాఫ్ బెనిఫిట్ ఫండ్ కమిటీలో మనవాళ్ళు ఎవరున్నా ఈ పంపుల మాట అక్కడ కూడా ఎత్తాలి.

తల్లిని బయట బెంచీ మీద కూర్చోబెట్టే అలవాటు కూడా పోవాలి. గుండెకు బిడ్డని ఆనించుకునే కంగారూ పద్ధతిని పుట్టిన వెంటనే మొదలుపెట్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. ఢిల్లీ సఫ్దర్‌జంగ్‌తో పాటు ఆఫ్రికాలో నాలుగు దేశాల ఆస్పత్రుల్లో చేసిన పరిశోధనలో అలా వెంటనే మొదలుపెట్టిన చోట మొదటి 28 రోజుల మరణాలు నూటికి 15.7 నుంచి 12కి తగ్గాయి. బిడ్డ ఒంటికి తల్లి చర్మం మీది బాక్టీరియా చేరే దారి కూడా అదే. తల్లికి లేవడానికి ఓపిక లేకపోతే తండ్రి ఆనించుకోవచ్చు, దానికి సెలవు ఇవ్వాలి. యాంటీబయాటిక్ మీద కూడా ఒక మాట. రక్తపరీక్షలో క్రిములు కనబడకపోయినా రోజుల తరబడి సాగించిన చోట నెక్ ఎక్కువగా కనిపించింది. “ఇంకా ఎన్నాళ్ళు, ఎందుకు?” అని డాక్టరుగారిని మర్యాదగా అడగడం మన హక్కు. మనంతట మనం ఆపించడం మాత్రం వద్దు.

మంచి బాక్టీరియా అంటున్నారు కదా, షాపులో దొరికే పొడి పోస్తే సరి అనుకోవద్దు. పక్కనున్న ఒడిశా పల్లెల్లో 4,500 మందికి పైగా పసికందులపై చేసిన పరిశోధన 2017లో వెలువడింది. బాక్టీరియా, దాని మేత కలిపి వారం రోజులు ఇస్తే ఒంటికి విషం పాకడం (సెప్సిస్), చావు కలిపి నూటికి 9 నుంచి 5.4కి తగ్గాయి. గొప్ప ఫలితమే. కానీ వాళ్ళంతా రెండు కిలోలు దాటిన, తల్లిపాలు తాగే బిడ్డలు. అమెరికాలో 2023లో అలాంటి బాక్టీరియా తాగించిన ఒక నెలలు నిండని బిడ్డ రక్తంలోకి ఆ బాక్టీరియానే పాకి చనిపోవడంతో అక్కడి ప్రభుత్వం హెచ్చరిక జారీ చేసింది. అలాంటివి ఇవ్వాలా వద్దా అన్న నిర్ణయం డాక్టరుది.

బిడ్డ నెలలు నిండకుండా పుడితే ఇంట్లోవాళ్ళు చేయగలిగేది ఒకటుంది. కాన్పయిన గంటలోపే చేత్తో పాలు పిండడం మొదలుపెట్టించండి. రోజుకు ఎనిమిదిసార్లు, రాత్రి కూడా. మొదటి రోజు నాలుగు చుక్కలే వస్తాయి. అవి సిరంజిలో పట్టి సిస్టర్ చేతికివ్వండి. మే నెల 45 డిగ్రీల ఎండలో సీసా చేత పట్టుకుని ఆస్పత్రికి నడవొద్దు, ఐసు పెట్టెలో పెట్టండి. పాలు ఎక్కువున్న తల్లులు పిండి పారబోయకుండా, దాత పాలు తీసుకునే ఏర్పాటు ఉందా అని ఆస్పత్రిలో అడగండి.

ఈ కాగితం వెనకవైపు ఖాళీగా ఉంచాం. మీ పేరు, డిపార్ట్‌మెంట్, సంతకం పెట్టి మీ యూనియన్ బ్రాంచి ఆఫీసులో ఇవ్వండి. తెలుగు సంఘం సభల్లో చదివించండి. తెలుగు చదవలేని మన పిల్లలకు, పక్క క్వార్టర్ ఛత్తీస్‌గఢీ, బెంగాలీ ఇళ్ళకు హిందీలో చెప్పండి.