విదేశీ పరిశోధన నౌక వస్తానంటే ఏమని చెప్పాలి?

రాజపాళయంలో ఉన్న మనకు పడమటి కనుమలు కనిపిస్తాయి గాని సముద్రం కనిపించదు. అయినా తూత్తుకుడి రేవు మనకు దూరం కాదు. దాని ముందున్న మన్నార్ సింధుశాఖకు అవతల శ్రీలంక. ఆ దేశపు రేవులకు వచ్చే విదేశీ పరిశోధన నౌకలు కొన్నేళ్లుగా వార్తల్లో ఉంటున్నాయి.

2022 ఆగస్టులో చైనా నౌక యువాన్ వాంగ్-5 హంబన్‌తోటకు వచ్చింది. 2023 అక్టోబరులో షి యాన్-6 కొలంబో చేరింది. రెండుసార్లూ భారత్ ఆందోళన చెందింది. 2024 జనవరి నుంచి ఏడాదిపాటు విదేశీ పరిశోధన నౌకలను రానివ్వబోమని శ్రీలంక ప్రకటించింది. దాంతో షియాంగ్ యాంగ్ హాంగ్-03 మాల్దీవులకు వెళ్లింది. అది సిబ్బంది మార్పు కోసం, సరుకుల కోసమే ఆగుతుందని, తమ జలాల్లో పరిశోధన చేయదని ఆ దేశ ప్రభుత్వం చెప్పింది.

పరిశోధన అంటే భయమెందుకు? సముద్రపు లోతు, నీటి వేడి, ఉప్పదనం తెలిస్తే తుపాను అంచనాకు, చేపల వేటకు ఉపయోగం. నీటిలో శబ్దం ఎలా ప్రయాణిస్తుందో చెప్పేవీ ఆ అంకెలే. జలాంతర్గామి దాక్కోవడానికి, దాన్ని పట్టుకోవడానికి కూడా అవే కావాలి. భారత్, శ్రీలంక 1976లో ఒప్పందం చేసుకుని ఇక్కడ సరిహద్దు గీత గీసుకున్నాయి. కానీ నీటికి ఆ గీత తెలియదు. అవతల తీసిన కొలత ఇవతలి సముద్రం గురించీ కొంత చెబుతుంది.

1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందం దీనికి దారి చూపింది. తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల వరకు, అంటే సుమారు 370 కిలోమీటర్ల వరకు, పరిశోధనకు తీరదేశం అనుమతి ఉండాలి. ఏం కొలుస్తారో, ఏ పరికరాలతో, ఎక్కడ, ఎప్పుడో ఆరు నెలల ముందే అధికార మార్గంలో తెలపాలి. తీరదేశం నాలుగు నెలల్లోగా అభ్యంతరం చెప్పకుంటే, గడువు తీరాక పని మొదలుపెట్టవచ్చు. కనుక మౌనం కూడా అంగీకారమే అవుతుంది. మన దేశంలోనైతే 1976 చట్టం ప్రకారం కేంద్రం అనుమతి లేనిదే విదేశీ ప్రభుత్వమైనా ఈ మండలంలో పరిశోధన చేయరాదు.

అదే ఒప్పందం తీరదేశానికి మరో హక్కు ఇచ్చింది. తన శాస్త్రవేత్తలను ఆ ఓడలో పంపవచ్చు, సేకరించిన సమాచారాన్ని, నమూనాలను అడిగి తీసుకోవచ్చు. అన్ని నౌకలకూ తలుపు మూస్తే ఈ లాభమూ పోతుంది. అడగకుండా తెరిస్తే మన సముద్రం గురించి మనకన్నా పరాయివారికే ఎక్కువ తెలుస్తుంది. ప్రతి దరఖాస్తునూ విడిగా పరిశీలించి, గడువులోగా జవాబిచ్చి, మనవారిని ఓడ ఎక్కించడమే మేలని మేం భావిస్తున్నాం.

అయితే ఓడ ఎక్కి ఆ పరికరాలను, ఆ అంకెలను చదవగలవారు ఉండాలి. విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1950ల నుంచే సముద్ర శాస్త్ర పరిశోధన సాగుతోంది. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ 2007 నుంచి సునామీ హెచ్చరికలు ఇస్తోంది. సముద్రం లేని ఊళ్లో చదివేవారికీ అక్కడ చోటుంది. చదవగలవారు లేకపోతే ఆ హక్కు కాగితం మీదే మిగిలిపోతుంది.