మన ఓట్ల పట్టికలు మన పాఠములు కావలెను

మైత్రీవనమందలి శిక్షణాలయముల నిర్వాహకులకును, అధ్యాపకులకును, విద్యార్థులకును విజ్ఞప్తి



అమీర్‌పేట మెట్రో స్టేషను దిగి మైత్రీవనమునకు నడచు యువజనులలో డేటా సైన్సు నభ్యసింపవచ్చినవా రనేకులు. అట్టివారికి తొలిపాఠముగా లభించునది తరచుగా 1912లో మునిగిన టైటానిక్ నౌకలోని ప్రయాణికుల పట్టికయో, 1936లో గణాంకశాస్త్రజ్ఞుడు ఫిషర్ ప్రకటించిన ఐరిస్ పూరేకుల కొలతలో అయియుండును. అవి మంచి పాఠములే. కాని మన ఓటర్లు పార్టీలవారీగా నిజముగా ఎంత చీలియున్నారో తెలుపగల లెక్కలు చేరువనే యుండగా, వానిని మన శిక్షణాలయములు తాకకుండుట విచారకరము.

టీవీ చర్చలలోను, వాట్సాప్ గ్రూపులలోను, టీ కొట్లవద్దను "ఆ ప్రాంతము ఆ పార్టీదే" యను మాట సిద్ధాంతమువలె చెల్లుచున్నది. లెక్క వేరు సాక్ష్యము చెప్పుచున్నది. సికింద్రాబాదు లోక్‌సభ స్థానములోని ఏడు శాసనసభా నియోజకవర్గములలో, అమీర్‌పేట చేరిన సనత్‌నగరముతో సహా ఆరింటిని 2023 నవంబరు 30నాటి పోలింగులో గెలిచిన భారత రాష్ట్ర సమితి, ఆరుమాసములు నిండకమునుపే, 2024 మే 13న, అదే లోక్‌సభ స్థానమున మూడవ స్థానమునకు జారెను. భారతీయ జనతా పార్టీ గెలిచెను. ఆ యేడే ఆంధ్రప్రదేశమున 175 శాసనసభా స్థానములలో 11 మాత్రమే దక్కిన వైఎస్సార్ కాంగ్రెసునకు నూటికి 39కి పైగా ఓట్లు వచ్చెను. స్థానములను మాత్రమే చూచినవాడు ఆ పక్షము తుడిచిపెట్టుకొని పోయినదనును. ఓట్లను చూచినవాడు ఐదుగురిలో ఇంచుమించు ఇద్దరు దానివెంటనే నిలిచిరని గ్రహించును.

అమెరికాలో పూల్, రోసెంతాల్ అను పండితులు చట్టసభల సభ్యులు వేసిన ఓట్లనుబట్టి వారి భావజాలమును కొలిచిరి. కాని మన దేశమున 1985నాటి ఫిరాయింపుల నిరోధక చట్టముక్రింద విప్‌ను ధిక్కరించిన సభ్యుడు సభ్యత్వమునే కోల్పోవచ్చును గావున, ఆ కొలబద్ద మనకు చాలదు, ప్రజలనే అడుగవలెను.

కావున మా కోరికలు:

1. పోలింగు కేంద్రములవారీ ఫలితములను తెలుపు ఫారం 20ని ప్రతి శిక్షణాలయము అభ్యాసముగా చేర్చవలెను.

2. ఎన్నికల అధికారులు ఆ ఫలితములను స్కాను చేసిన కాగితములుగా గాక, కంప్యూటరు చదువగల పట్టికలుగా ప్రకటింపవలెను.

3. విద్యార్థులు సర్వే చేయునపుడు పేరడుగక, భూమి, విద్యుత్తు, రిజర్వేషన్లవంటి విషయములపై అభిప్రాయమును, ఎదుటి పార్టీవారిపైని వైమనస్యమును వేర్వేరు ప్రశ్నలుగా అడుగవలెను. ఏలయనగా విధానములలో ఏకీభవించువారును పరస్పరము ద్వేషించుకొనవచ్చును.

4. సమూహపు మొత్తమునుండి వ్యక్తి యోటును గాని, ఒక కులము మొగ్గును గాని నిశ్చయించుట తగదు. ఆ పొరపాటును రాబిన్సన్ అను పండితుడు 1950లోనే ఎత్తిచూపెను. తమకు ఓటు వేయని వీధిపై కక్షసాధించువారికి మన పని సాధనము కారాదు.

"ఉద్యోగముకొఱకు వచ్చినవారికి రాజకీయమేల?" యందురేమో. మారిన కేంద్రముల హద్దులు, తప్పిన అక్షరములు, విడిపోయిన వరుసలు గల ఇట్టి పట్టికను చక్కదిద్దిన విద్యార్థికి, శుభ్రముగా వడ్డించిన పట్టిక నేర్పజాలని నైపుణ్యము లభించును. ఉద్యోగములో అతని కెదురగునవి ఇట్టి పట్టికలే.

వచ్చు బ్యాచినుండియే ఒక నియోజకవర్గపు ఫారం 20తో ఆరంభింపుడు. లెక్కను, దానిని కట్టిన పద్ధతిని, అన్ని పార్టీలవారును పరీక్షింపగలుగునట్లు బహిరంగముగా ఉంచుడు.

ఇట్లు,
అమీర్‌పేట పౌరుడొకడు