వారంటీ ఎవరికి రక్ష?

కొన్న కొద్దికాలానికే కారు పదేపదే మరమ్మతుకు వస్తే, దానిని మార్చి మరొకటి ఇవ్వవలసిందేనని కొనుగోలుదారు భావిస్తాడు. కాని 2006లో మారుతి ఉద్యోగ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వేరు: వారంటీ షరతు ప్రకారం లోపమున్న భాగాన్ని మార్చడం వరకే కంపెనీ బాధ్యత.

లోపభూయిష్ట వాహనాలను వెనక్కి రప్పించమని ఆదేశించే అధికారాన్ని పార్లమెంటు 2019లో కేంద్రానికి ఇచ్చింది. అయితే అది భద్రతకో, పర్యావరణానికో ముప్పు కలిగించే లోపాలకే వర్తిస్తుంది. అందుకు ఒక ఆధారం, నిర్ణీత శాతం యజమానుల ఫిర్యాదు. విడివిడిగా షెడ్డుకెక్కిన కార్ల యజమానులు ఒకరినొకరు ఎరుగరు. లోపం ఎందరిదో ముందుగా తెలిసేది కంపెనీకే. వారంటీ మరమ్మతుల లెక్కలను కంపెనీలు ప్రభుత్వానికి సమర్పించే పద్ధతికి అమెరికా 2000లోనే చట్టం చేసింది. ఢిల్లీ కూడా ఆ లెక్కలు అడిగి ప్రజల ముందుంచాలి. అంతవరకు చట్టమున్నా, రుజువు భారం సామాన్యుడిదే.