పత్తి జిల్లాలో పసివాళ్ళకు పాలిస్టర్ బొంతలా?

ఆదిలాబాద్ జిల్లా పేరు చెబితే ఎవరికైనా ముందు గుర్తుకొచ్చేవి చలి, పత్తి. 2016లో పాత జిల్లా నాలుగు ముక్కలైనా ఈ రెండూ నాలుగింటికీ పంపకమయ్యాయి. డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఉష్ణోగ్రత పది డిగ్రీల కిందికి జారడం ఇక్కడ మామూలే. సరిగ్గా ఆ రోజుల్లోనే మార్కెట్ యార్డులకు పత్తి వరదలా వస్తుంది. ఇంత పత్తి పండించే చోట పిల్లలకు కప్పే బొంతలో మాత్రం పాలిస్టర్ పీచు చేరుతోంది. ఇది విచారకరమని చెప్పక తప్పదు.

బొంత కొనేవారు పైగుడ్డ మీది పువ్వులు చూస్తారు, రంగు చూస్తారు, బేరమాడతారు. లోపల ఏముందని అడిగేవారు తక్కువ. బొంత విలువంతా లోపలి సరుకులోనే ఉంది. బిడ్డకు వెచ్చదనమిచ్చేదీ, చెమట పట్టించేదీ, తుమ్ములు తెప్పించేదీ అదే.

ఏ దూదికి ఏ గుణం?

పత్తి దూది గాలిలోని తేమను తన బరువులో ఏడెనిమిది శాతం దాకా పీల్చుకుని కూడా చేతికి పొడిగానే తగులుతుంది. పాలిస్టర్ అర శాతమైనా పీల్చదు. అందుకే పాలిస్టర్ బొంత కింద పడుకున్న పిల్లవాడు అర్ధరాత్రి చెమట పట్టి, బొంత తన్నేసి, తెల్లవారుజామున చలికి వణుకుతాడు. అయితే పాలిస్టర్‌లో మంచి గుణాలు లేవనడం న్యాయం కాదు. అది తేలిక, చౌక, ఉతికితే త్వరగా ఆరుతుంది. కాని నిప్పు దగ్గర దానితో చిక్కే. సుమారు 250 డిగ్రీల వేడికి కరిగి చర్మానికి అతుక్కుంటుంది. దూదికి కూడా నిప్పంటుకుంటుంది కనుక, లోపల ఏ సరుకున్నా సరే, కుంపటికి బొంతను దూరంగా ఉంచవలసిందే.

బూరుగు దూది మెత్తన అని కొందరు పిల్లల బొంతలకు కోరి వేయిస్తారు. దిండుకు అది బాగుంటుంది గాని బొంతకు పనికిరాదు. పీచు పొట్టిది, జారుడు స్వభావం కలది. ఒకచోట నిలవదు, కొన్నాళ్ళకు పొడిపొడి అవుతుంది, నిప్పు తగిలితే భగ్గుమంటుంది. మందుల షాపులో దొరికే తెల్లని దూది కూడా ఇందుకు తగదు. పత్తికి సహజంగా ఉండే మైనం పొర తీసేసిన దూది అది. త్వరగా అణగారిపోతుంది. జిన్నింగులో గింజ తీసిన మామూలు దూదే ఇందుకు మేలు. మరీ చౌక బొంతల్లో గుడ్డపేలికలు చీల్చి చేసిన రంగురంగుల తుక్కు ఉంటుంది. అందులో ఏ పీచు ఎంత కలిసిందో తెలియదు.

అనుమానం ఉంటే పరీక్ష సులువే. బొంత మూల విప్పి చిటికెడు పీచు తీసి, ఆరుబయట పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్ల అంటించి చూడండి. దూదయితే కాగితంలా కాలి, కాగితం వాసన వేసి, మెత్తటి బూడిద మిగులుతుంది. పాలిస్టరైతే ముడుచుకుని కరిగి, గట్టి పూసలా మిగులుతుంది.

చంటిబిడ్డల సంగతి వేరు

ఏడాది నిండని బిడ్డకు ఎంత మంచి దూదయినా మందపాటి బొంత కప్పరాదు. నిద్రలో అది ముఖం మీదికి జారితే తొలగించుకునే శక్తి ఆ వయసులో ఉండదు. ఏడాది లోపు పిల్లల పక్కలో దిండ్లు, బొంతలు ఉంచవద్దని అమెరికా శిశువైద్యుల అకాడమీ 2022 నాటి సూచనల్లో కూడా స్పష్టంగా చెప్పింది. చలికి తగినట్టు ఒంటికి బట్టలు తొడగాలి. కింద పరిచేది పలచగా, గట్టిగా ఉండాలి. ఇందుకు పాత నూలు చీరను నాలుగైదు మడతలు వేసి కుట్టిన బొంతను మించినది లేదు. బిడ్డ తడిపినా ఉతికి ఎండలో వేయవచ్చు. అయితే సింథటిక్ చీరలు వచ్చాక ఇళ్ళలో నూలు చీరలు తగ్గి, ఆ బొంతకు ముడిసరుకే కరువైంది.

కాస్త పెద్ద పిల్లలకు మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవు బొంతకు అరకిలో దూది చాలు. ఎక్కువ కూరితే బరువే తప్ప లాభం లేదు. కుట్ల వరుసల మధ్య ఎడం నాలుగు వేళ్ళకు మించకూడదు. ఎడం ఎక్కువైతే మొదటి ఉతుకుకే దూది ఉండలు కట్టి ఒక మూలకు చేరుతుంది. పైన విడిగా గలీబు తొడిగితే మాటిమాటికీ బొంతను తడపనక్కరలేదు.

ఖర్చు మాటకొస్తే, క్వింటా పత్తికి 33 నుంచి 35 కిలోల దూది వస్తుంది. అంటే అరకిలో దూదికి కావలసింది కిలోన్నర పత్తే. పైగా రెండు మూడేళ్ళకు అణగిన దూదిని విప్పి, ఏకించి, మళ్ళీ కుట్టించుకోవచ్చు. ఉండకట్టిన పాలిస్టర్ బొంత చివరకు చెత్తకుప్పకే చేరుతుంది.

చేయవలసినవి

విల్లు భుజాన వేసుకుని దూదేకేవారు వీధివీధికీ తిరిగిన రోజులు పోయాయి. ఏకే మిషన్లు వచ్చినా అడిగేవారు లేక ఆ వృత్తి క్షీణిస్తోంది. దూది ధూళి ఊపిరితిత్తులకు చేటు చేస్తుంది కనుక ఏకే చోట గాలి ఆడే ఏర్పాటు ఉండాలి, పనివారు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి, పిల్లలను అటు పోనీయరాదు. ఈ జాగ్రత్తలతో ఆ వృత్తిని నిలబెట్టుకోవలసిన అవసరం ఉంది.

ఆశ్రమ పాఠశాలలకు, వసతి గృహాలకు చలికాలం కోసం కొనే సామగ్రిలో దూది బొంతలకు చోటివ్వడాన్ని ఉట్నూరు ఐ.టి.డి.ఏ., జిల్లా అధికారులు పరిశీలించాలి. దూది స్థానిక జిన్నింగు మిల్లుల నుంచి, ఏకే పని దూదేకేవారికి, కుట్టే పని మహిళా సంఘాలకు అప్పగిస్తే ఆ డబ్బు జిల్లాలోనే ఉంటుంది. వ్యాపారులు కూడా బొంతలో ఏముందో ఒక చీటీ మీద రాసి కుట్టాలి. అది లేని బొంతను కొననని తల్లులు పట్టుబడితే చీటీ తప్పకుండా వస్తుంది.

పత్తి పండించే రైతు బిడ్డ చలి రాత్రి ఆ పత్తి కిందే వెచ్చగా పడుకోవాలనడం గొంతెమ్మ కోరిక కాదు.