విమానము దిగిన పిమ్మట త్వరిత మార్గ మేది?

గణితము బోధించు ఉపాధ్యాయులు కాలము, దూరము, వేగము అను మూడింటిని గూర్చిన లెక్కలను నల్లబల్లమీద వ్రాయునపుడు, బండి కదలిన క్షణము మొదలు గమ్యము చేరు క్షణము వరకే లెక్కింతురు. బండికొఱకు ప్రయాణికుడు నిలిచియున్న కాలము ఆ లెక్కలోనికి రాదు. పరీక్షలో నుత్తీర్ణులగుటకు ఆ పద్ధతి చాలును; లోకములో తిరుగుటకు చాలదు. ఈ సంగతిని ఒక చిన్న ప్రశ్న నాధారముగా గొని విద్యార్థులకును వారి తలిదండ్రులకును మనవి చేయదలచితిమి.

ఆ ప్రశ్న యిది: విమానాశ్రయమునుండి పట్టణ మధ్యభాగమునకు మిక్కిలి త్వరగా చేరుటకు ఏ సాధనమును ఎన్నుకొనవలెను? ఇది ధనవంతుల ప్రశ్న యని కొట్టివేయరాదు. మన పిల్లల యిండ్లలో నెన్నింటనో తండ్రియో, అన్నయో, మేనమామయో గల్ఫు దేశములలో కష్టించి సంపాదించుచున్నారు. మఱికొందఱు అమెరికాలో చదువుచున్నారు. వారిని ఎదుర్కొని తెచ్చుటకో, కన్నీటితో సాగనంపుటకో విమానాశ్రయమునకు పోయివచ్చిన కుటుంబములు మనలో ననేకములు కలవు. పై ప్రశ్నకు సాధారణముగా వచ్చు జవాబు, "అన్నిటికంటె వేగముగా పోవు బండి నెక్కుము" అనునది. ఈ జవాబు పొరపాటని మా యభిప్రాయము.

హైదరాబాదు నగరమునే తీసికొందము. 2008 మార్చి వరకు ప్రయాణికుల విమానములు బేగంపేటలో దిగుచుండెను. విమానము దిగినవాడు ఊరిలో దిగినట్లే. ఆ నెలలో విమానాశ్రయము నగరమునకు దక్షిణముగా సుమారు 24 కిలోమీటర్ల దూరముననున్న శంషాబాదునకు మాఱినది. రాకపోకల సౌకర్యార్థము మెహదీపట్నము మొదలు ఆరాంఘరు వరకు 11.6 కిలోమీటర్ల పొడవుగల వంతెనదారిని కట్టి, పి.వి. నరసింహారావుగారి పేరుపెట్టి, 2009 అక్టోబరులో తెఱచిరి. నేడు శంషాబాదులో దిగినవానికి అద్దెకారు కలదు. ఫోనుమీద పిలిపించుకొను కారు కలదు. ఆర్టీసీవారి పుష్పక్ బస్సు కలదు. మెట్రో రైలు 2017 నవంబరులో నగరమున నడువ మొదలిడినను విమానాశ్రయము దాక ఇంకను రాలేదు. దాపుననున్న రైలు స్టేషను ఉందానగరు. అదియు పెట్టె చేతబట్టుకొని నడిచిపోదగిన దూరములో లేదు.

మా పూర్వవిద్యార్థి యొకడు కొన్ని సంవత్సరముల క్రిందట, తండ్రికి జబ్బు చేసినదని విని, మస్కటునుండి బయలుదేరి సాయంకాలమున శంషాబాదులో దిగెను. తండ్రిని సికిందరాబాదులో నొక ఆస్పత్రియందు చేర్చియుండిరి. ఆ రాత్రియే శస్త్రచికిత్స. అతడు వెలుపలికి రాగానే సికిందరాబాదు బస్సు కదలుటకు సిద్ధముగా నుండెను. బస్సు నాలుగుచోట్ల ఆగును, కారు తిన్నగా పోవును అని తలంచి అతడు ఫోనుతో కారును పిలిపించెను. మొదట వచ్చెదనన్న కారు రాలేదు. రెండవది వచ్చుసరికి నలుబది నిమిషములు గడచెను. పిమ్మట దారిలో బస్సు నాపిన రద్దీయే కారునుకూడ ఆపెను. అతడు ఆస్పత్రి చేరునప్పటికి తండ్రిని లోపలికి తీసికొనిపోయి పావుగంట అయ్యెను. తండ్రి కోలుకొనెను. ఐనను, "కత్తి పడకముందు నా బిడ్డను ఒక్కమారు చూచెదను" అని ఆయన పలుమారు అడిగిన సంగతి తల్లి చెప్పగా విన్న కొడుకు దానిని నేటికిని మఱవలేదు. "మాస్టరుగారూ, నేను బండి వేగమునే చూచితిని, నేను నిలిచియున్న కాలమును చూడనైతిని" అని అతడు మాతో ననెను.

ప్రయాణమునకు నాలుగు భాగములు కలవు. బండియున్నచోటికి నడచుట మొదటిది; దానికొఱకు వేచియుండుట రెండవది; దానిలో పోవుట మూడవది; అది దింపినచోటినుండి మన వాకిలి చేరుట నాలుగవది. మనము మూడవదానిని మాత్రమే చూతుము. 30 కిలోమీటర్ల దారి యనుకొందము. ఒక బండి గంటకు 60 కిలోమీటర్లు పోవును గాని, పిలిచిన 30 నిమిషములకు వచ్చును. మఱియొకటి గంటకు 40 కిలోమీటర్లే పోవును గాని, 5 నిమిషములలో కదలును. మొదటిదానిలో పోయినవానికి గంట పట్టును. రెండవదానిలో పోయినవానికి 50 నిమిషములు. నెమ్మదిగా పోయినవాడే ముందుగా ఇల్లు చేరెను.

పరదేశములందును ఇదియే న్యాయము. చైనాదేశమున షాంఘై నగరపు పుడోంగు విమానాశ్రయమునుండి 2004 మొదలు ఒక వింత రైలు ప్రయాణికులను చేరవేయుచున్నది. అయస్కాంతబలముచే దారిని తాకక తేలిపోవు ఆ బండి 30 కిలోమీటర్లను సుమారు 8 నిమిషములలో గడచును. కాని అది దింపు లోంగ్‌యాంగ్ రోడ్డు స్టేషను నగరమధ్యమున లేదు. అచ్చట దిగినవారు మఱల మెట్రో నెక్కవలెను. లండనులో హీత్రో విమానాశ్రయమునుండి పాడింగ్టను స్టేషనుకు 1998లో వెలసిన ప్రత్యేకపు రైలు 15 నిమిషములలో పోవును. పికడిల్లీ మార్గపు భూగర్భరైలు చాల నెమ్మది. ఐనను బ్రిటిషు మ్యూజియము దాపుననున్న రసెల్ స్క్వేరు పోవలసిన విద్యార్థిని ఆ నెమ్మది రైలే బండి మాఱనక్కఱలేక, తక్కువ ధరకు చేర్చును. పాడింగ్టనులో దిగినవాడు పెట్టెలతో మఱియొక బండిని వెదకుకొనవలెను. అతడు సంపాదించిన నిమిషములు చాలవఱకు అచ్చటనే ఖర్చగును.

వేగముకంటె నిశ్చయము మేలని ఇంకొక మాట. ఢిల్లీలో 2011 ఫిబ్రవరిలో తెఱచిన విమానాశ్రయపు మెట్రో మార్గము, లోపములు బయటపడుటచే 2012 జూలైలో మూతబడి, బాగుచేయబడి 2013 జనవరిలో మరల నడిచినది. నేడు మూడవ టెర్మినలునుండి కొత్తఢిల్లీ స్టేషనుకు 20 నిమిషములలోపే. పగలు వీధులలో కార్లు బారులుదీరి నిలిచినను ఆ కాలము మాఱదు. నెల్లూరు, గూడూరు ప్రాంతములవా రనేకులు చెన్నైలో విమానము దిగి సెంట్రలు స్టేషనులో మన రైలెక్కుదురు. చెన్నై మెట్రో 2016లో విమానాశ్రయమును చేరినది. 2018లో సెంట్రలును చేరినది. రైలు తప్పిపోవునను భయముగలవానికి అది గొప్ప యుపకారము. అయితే నడిరేయి దిగినవానికి మెట్రో యుండదు. వీధులు మాత్రము ఖాళీగా నుండును. అప్పుడు కారే త్వరితము. కావున ఏ గంటకు, ఏ చోటికి, ఎంత సామానుతో, ఎవరితో అని అడుగక "ఏది త్వరితము?" అని అడుగుట వ్యర్థము.

ముసలివారితోను, చంటిబిడ్డలతోను వచ్చువారు కారెక్కుట సముచితమే. దానిని మేము తప్పుపట్టము. బస్సెక్కుట పరువు తక్కువయని తలంచి వాకిట నిలిచియుండుటను మాత్రము తప్పుపట్టుదుము. అంతకంటె తప్పు, పోయిన నిమిషములను మరల సంపాదింపవలెనని డ్రైవరును "ఇంకను వేగముగా, ఇంకను వేగముగా" అని తఱుముట. రాత్రియెల్ల మేలుకొనియున్న డ్రైవరును తొందరపెట్టువాడు తన ప్రాణమును, వాని ప్రాణమును, దారిన పోవు పరుల ప్రాణములను పందెము వేయుచున్నాడు. ముందుగా ఆలోచించినవానికి అట్టి తొందర యవసరముండదు.

ఒక్కొక్కరి వివేకముతో తీరని భాగమును కలదు. బస్సు ఎప్పుడు కదలునో తెలియజేయు పలక ప్రయాణికుని కంట పడునట్లుండుట, నగరపు మెట్రో విమానాశ్రయమును చేరుట, రైలులేని రాత్రివేళ బస్సుండుట పాలకుల పని. కారు కూలి ఇచ్చుకొనలేనివాడుకూడ తన తండ్రి మంచమువద్దకు సకాలమున చేరగల్గిననాడే ఆ నగరపు దారులు త్వరితమైనవని మేము చెప్పుదుము.

విద్యార్థులారా! ఈ సెలవులలో మీ యింటివా రెవరైన విమానము దిగుచున్నచో, ముందునాడే కాగితము పెన్సిలు తీసికొని నాలుగు భాగముల లెక్కను వేసి పెద్దలకు చూపుడు. మార్కులు రావు గాని, ఇంటివాకిట కాచుకొనియున్న అమ్మకు ఒక అరగంట మిగులును.