కోరంగి రేవు

జర్మనీలోని హాంబర్గ్ రేవు సముద్రానికి సుమారు 100 కిలోమీటర్లు ఎగువన, ఎల్బ నది మీద ఉన్నది. నది అడుగున పేరుకునే మట్టిని ఎప్పటికప్పుడు తవ్వి తీస్తారు గనకనే పెద్ద ఓడలు అక్కడికి రాగలుగుతున్నాయి.

మన గోదావరి మీద కూడా అలాటి రేవు ఒకటి ఉండేది. కోనసీమకు అవతల, గౌతమి దాటితే వచ్చే కోరంగి అది. అక్కడ ఓడలు కట్టేవారు, దెబ్బతిన్నవాటిని బాగుచేసేవారు. అక్కణ్ణించి తెలుగువాళ్ళు ఎందరో బర్మా వెళ్ళారు. బర్మాలో తెలుగువారిని “కోరంగీలు” అనటం అందుకే.

1789లోనూ, 1839లోనూ ఉప్పెనలు వచ్చి కోరంగిని ముంచేశాయి. వేలాది మంది చనిపోయారు. గోదావరి తెచ్చిన ఒండ్రు రేవును పూడ్చేసింది. ఓడలు కాకినాడకు మళ్ళాయి.

ఇప్పుడు కోరంగి ఒక చిన్న ఊరు. దాని చుట్టూ ఒండ్రునేలలో మడ అడవి ఉన్నది. మళ్ళీ ఉప్పెన వస్తే, దాని వేగాన్ని తగ్గించేది ఆ మడచెట్లే!